ఖాళీ గ్లాసులో ఏముంది?



రెండో తరగతి చదివే పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని "గాలి గురించి చెప్పు నాన్నా" అని అడిగి చూడండి. గాలి స్థలాన్ని ఆక్రమిస్తుంది, గాలికి బరువు ఉంది, రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు అని ఊపిరి తిప్పుకోకుండా ఒప్పజెప్పేస్తాడు. మనకూ ముచ్చటగానే ఉంటుంది. వెంటనే స్టాండులోంచి ఒక ఖాళీ గ్లాసు తీసి "ఇందులో ఏముందిరా?" అనండి. "ఏమీ లేదు" అంటాడు. ఇప్పుడే కదా స్థలాన్ని ఆక్రమిస్తుందన్నాడు, ఆ గాలి ఎటు పోయినట్టు? పుస్తకంలో గాలి వేరు, గ్లాసులో గాలి వేరు వాడికి. రెండూ ఒకటేనని కలిపి చూపించినవాళ్ళు లేరు.

ఆ కలిపి చూపించే పని బడిలో నలభై మంది మధ్య జరగడం కష్టం. మన ఇంట్లో సులువు. "మేమేం పెద్ద చదువులు చదివామండీ, మాకేం తెలుసు?" అని తల్లులు అంటూంటారు. నేనూ మెట్రిక్‌తో ఆపేసినదాన్నే. దీనికి కావలసిన సామానల్లా ఒక బకెట్టు, రెండు గాజు గ్లాసులు, పాత పేపరు, ఒక సీసా, ఒక అగరువత్తి. ఇవి లేని ఇల్లు ఉండదు కదా. ఇంకొకటి కావాలి, అది మాత్రం మనకు కొంచెం కష్టమే. పిల్లవాడు చూసేలోగా జవాబు చెప్పేయకుండా నోరు కట్టుకుని కూర్చోవాలి.

మొదట బకెట్టు సంగతి. ఆదివారం మధ్యాహ్నం పని తెమిలాక పెరట్లోనో, స్నానాల గదిలోనో బకెట్టు నిండా నీళ్ళు పెట్టండి. చిన్న కాగితం ముక్క ఉండచుట్టి గ్లాసు అడుగున జారిపోకుండా గట్టిగా కుక్కండి. గ్లాసు బోర్లించి నిటారుగా నీళ్ళల్లో అడుగుదాకా ముంచమని పిల్లకివ్వండి. ముంచేముందు "కాగితం తడుస్తుందా, తడవదా?" అని అడగడం మరిచిపోకండి. ఏదో ఒక పందెం కట్టాకే ముంచాలి, అప్పుడే ఆసక్తి. తడుస్తుందనే నూటికి తొంభైమంది పిల్లలు అంటారు. పైకి తీసి చూస్తే కాగితం పొడిగా ఉంటుంది. ఆ ముఖం చూడవలసిందే. రెండోసారి మూడోసారి తనే ముంచుతుంది, ముంచనివ్వండి. నాలుగోసారి గ్లాసు కాస్త పక్కకు వంచుతుంది, బుడబుడమని బుడగలు పైకొస్తాయి, కాగితం తడుస్తుంది. "ఏం బయటికి వచ్చిందమ్మా?" అని మీరడిగితే చాలు, మిగతాది తనే చెబుతుంది.

ఇంతటితో ఆపేవాళ్ళు ఎక్కువ. నేనైతే అసలు తమాషా దీని తరవాతే ఉందంటాను. ఒక గ్లాసును నీళ్ళల్లో ముంచి, నిండా నీళ్ళు ఉండగా బోర్లించి పట్టుకోండి. రెండో గ్లాసు గాలితోనే బోర్లించి ముంచి, మొదటిదాని కిందికి తెచ్చి మెల్లగా వంచండి. కింది గ్లాసులోంచి బుడగలు లేచి పై గ్లాసులోకి పోతాయి, పై గ్లాసులో నీళ్ళు దిగిపోతాయి. అంటే గాలిని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి వంపామన్నమాట, మనం రోజూ మజ్జిగ వంపినట్టు. మజ్జిగ కిందికి వంపుతాం, గాలి పైకి వంపవలసి వచ్చింది, అంతే తేడా. కంటికి కనిపించనిదాన్ని చేత్తో కొలిచి పోసిన పిల్లకు "గాలి స్థలాన్ని ఆక్రమిస్తుంది" అన్న వాక్యం ఇక మళ్ళీ బట్టీ పట్టవలసిన పని ఉండదు.

నూనె డబ్బా సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక్క చిల్లు పెట్టి వంపితే నూనె గుటకలు వేస్తూ ఒలుకుతుంది, చేతులన్నీ జిడ్డు చేస్తుంది. ఎదురుగా ఇంకో చిల్లు పెడితే సన్నటి ధారగా దిగుతుంది. మన అమ్మలూ అత్తలూ ఎవరూ చెప్పకుండానే చేసుకొచ్చిన పని ఇది. ఎందుకలా? నూనె బయటికి రావాలంటే దాని స్థానంలోకి గాలి లోపలికి పోవాలి. దారి ఒక్కటే అయితే ఇద్దరూ ఒకే గుమ్మంలో రాసుకుని నడవాలి. పిల్లలకు నూనెతో వద్దు, డబ్బా మూతకు రెండు చిల్లులు పెట్టి నీళ్ళతో చేయించండి. రెండో చిల్లు మీద వేలు పెడితే ధార ఆగిపోతుంది, తీస్తే వస్తుంది. అరగంట కాలక్షేపం అవుతుంది, మనకూ అరగంట తీరిక. ఆ తరవాత గదిలోకి తీసుకుపోయి ఒక కిటికీ తెరిస్తే గాలి రాకపోవడం, ఎదురు కిటికీ కూడా తెరిస్తే రావడం చూపించండి. నూనె డబ్బాకూ గదికీ ఒకటే న్యాయం అని పెద్ద పిల్లలు పట్టేస్తారు.

ఇక గ్లాసు నిండా అంచుదాకా నీళ్ళు పోసి, పాత పెళ్ళిపత్రిక మందపాటి ముక్క మీద కప్పి, అరచేత్తో అదిమి పట్టి బోర్లించి చెయ్యి తీసేయడం అందరికీ తెలిసిన ఇంద్రజాలమే. అట్ట ఊడిపోదు, నీళ్ళు పడవు. (మొదటిసారి పడనూ వచ్చు, అందుకని బకెట్టు మీద చేయండి.) ఎవరు పట్టుకున్నారు ఆ అట్టను? కిందనుంచి గాలి పైకి నెడుతోంది. గాలి పైనుంచి కిందికే కాదు, అన్ని వైపులకీ నెడుతుంది. ఎంత నెడుతుందంటే, చదరపు సెంటీమీటరు మీద, అంటే మన చిటికెనవేలి గోరంత చోటు మీద, సుమారు ఒక కిలో బరువంత. గ్లాసెడు నీళ్ళెంత, పది మీటర్ల ఎత్తు నీటిని కూడా నిలబెట్టగలదు. అంతకు మించి మాత్రం నిలబెట్టలేదు. మీ అపార్టుమెంటులో బోరు లోతుగా ఉంటే మోటారు పైన పెట్టకుండా నీళ్ళలోకి దింపుతారు చూడండి, కారణం ఇదే. పైన కూర్చున్న మోటారు నీళ్ళను పీల్చి లాగుతుందని మనం అనుకుంటాం గాని, నిజానికి బావిలో నీళ్ళను నెట్టి పైకి పంపేది బయటి గాలే. దాని శక్తి పది మీటర్లతో సరి, మోటారు విషయంలో ఆచరణలో అంతకూ రాదు. ఈ చిక్కే వెనకటికి ఇటలీలో బావులు తవ్వించినవాళ్ళకూ వచ్చింది. దాన్ని ఆలోచిస్తూనే 1643లో టోరిసెల్లీ అనే ఆయన నీళ్ళకు బదులు పాదరసం గొట్టంలో పోయించి, అది 76 సెంటీమీటర్ల దగ్గర నిలబడడం చూశాడు. మనమంతా గాలి అనే సముద్రం అడుగున బతుకుతున్నామని తేల్చినది ఆయనే.

గాలికి బరువుందని చూపించడానికి చీపురుపుల్లకు ఒక చివర ఊదిన బుడగ, రెండో చివర ఊదని బుడగ కట్టి తూచే ప్రయోగం చాలా పుస్తకాల్లో ఉంటుంది. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. ఊదిన బుడగను చుట్టూ ఉన్న గాలి పైకి తేలుస్తూ ఉంటుంది కాబట్టి లోపలి గాలి బరువులో చాలా భాగం తూకంలో కనిపించదు. మిగిలే కొద్ది తేడాకు ఫ్యాన్ ఆపి, తలుపులు మూసి, ఊపిరి బిగబట్టి చూడాలి. ఐదేళ్ళవాడికి అంత ఓపిక ఎక్కడిది? దానికన్నా గదిని కొలిపించండి. పన్నెండడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి సుమారు 40 కిలోలు తూగుతుంది. "మన పడకగదిలో గాలి నీకంటే బరువు" అంటే నవ్వుతూ నవ్వుతూ నెల రోజులు అందరికీ చెబుతాడు.

బుడగల మాట వచ్చింది గనక ఒక హెచ్చరిక. ఊదని రబ్బరు బుడగ, పగిలిన బుడగ ముక్క చిన్నపిల్లల గొంతులో పడితే ఊపిరాడదు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు బుడగ మీరే ఊది ఇవ్వాలి, పగిలిన ముక్కలు అప్పటికప్పుడు ఏరేయాలి. ప్లాస్టిక్ కవర్లలో గాలి పట్టి ఆడించడం బాగానే ఉంటుంది గాని, ఆట కాగానే కవరు మన చేతికి వచ్చేయాలి. తలకు తొడుక్కునే సరదా ఏ క్షణాన పుడుతుందో చెప్పలేం.

ఇప్పుడు చెప్పబోయేది పెద్దవాళ్ళు చేసి పిల్లలకు దూరంగా నిలబెట్టి చూపించవలసినది. పళ్ళెంలో కొవ్వొత్తి నిలిపి, చుట్టూ నీళ్ళు పోసి, వెలిగించి గాజు గ్లాసు బోర్లిస్తాం. దీపం ఆరిపోతుంది, గ్లాసులోకి నీళ్ళు ఎక్కుతాయి. "గాలిలో ఐదోవంతు ప్రాణవాయువు ఉంది, దీపం దాన్ని తినేసింది, ఆ చోటులోకి నీళ్ళు ఎక్కాయి" అని ఎన్నో పుస్తకాలు రాశాయి. మన పిల్లలూ అదే రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. గాలిలో ఐదోవంతు ప్రాణవాయువు ఉన్న మాట నిజమే. తక్కినది మాత్రం కళ్ళు పెట్టి చూస్తే నిలవదు. ప్రాణవాయువు ఖర్చవుతున్నకొద్దీ నీళ్ళు ఎక్కేటట్లయితే దీపం వెలుగుతున్నంతసేపూ నిదానంగా ఎక్కుతూ ఉండాలి కదా? అలా జరగదు. దీపం ఆరాకనే గబుక్కున ఎక్కుతాయి. అంతేకాదు, ఒక వత్తికి బదులు మూడు వత్తులు వెలిగించి అదే గ్లాసు పెడితే నీళ్ళు ఇంకా ఎత్తు ఎక్కుతాయి. గ్లాసు అదే, అందులో ప్రాణవాయువూ అంతే. మరి నీళ్ళెందుకు పెరిగాయి?

అసలు సంగతి వేడిది. మంట సెగకు గ్లాసులో గాలి వేడెక్కి, విరివై, కొంత అంచు కిందనుంచి బయటికి పోతుంది. బుడగలు కూడా కనిపిస్తాయి, జాగ్రత్తగా చూస్తే. దీపం ఆరాక మిగిలిన గాలి చల్లారి ముడుచుకుంటుంది, బయటి గాలి నీళ్ళను లోపలికి నెడుతుంది. దీపం కూడా ప్రాణవాయువంతా అయిపోయేదాకా ఆగదు, చాలా భాగం మిగిలి ఉండగానే కొండెక్కుతుంది. పిల్లవాడు బడిలో ఏం రాయాలన్నది వేరే చిక్కు. పంతులమ్మగారికి మూడు వత్తుల సంగతి చెప్పమని పంపండి. మంచి పంతులమ్మ అయితే మర్నాడు తనే చేసి చూస్తుంది.

వేడిగాలి పైకి పోతుందని చూపించడానికి మంట కూడా అక్కర్లేదు. వంట పూర్తయి వంటిల్లు ఉడికిపోతున్నప్పుడు తలుపు ఓరగా తీసి, అగరువత్తి వెలిగించి మీరు పట్టుకోండి. గుమ్మం పైభాగాన పెడితే పొగ వంటింట్లోంచి హాల్లోకి పోతుంది. గడప దగ్గర పెడితే హాల్లోంచి వంటింట్లోకి వస్తుంది. ఒకే గుమ్మంలో పైన ఒకదారి, కింద ఒకదారి! కింద ఫ్యాను తిరుగుతూంటే ఇది కనిపించదు, ఆపేయాలి. వెంటిలేటరు కప్పు దగ్గరే ఎందుకు పెట్టారో, పోపు వాసన వీధి గుమ్మం దాకా ఎలా వెళుతుందో వాళ్ళే మీకు చెబుతారు.

ఇక్కడే ఒక మాట తప్పకుండా చెప్పాలి. అన్ని వాయువులూ పైకి పోవు. మన సిలిండరులో గ్యాసు గాలికంటే దాదాపు రెట్టింపు బరువు. కారితే పైకి లేవదు, నేల మీద పరుచుకుని గట్టు కిందా మూలలా నిలబడుతుంది. కాబట్టి వాసన వచ్చినప్పుడు పైన వెంటిలేటరు ఉందిలే అనుకోకూడదు. తలుపులు బార్లా తెరవాలి, రెగ్యులేటరు కట్టేయాలి, లైటు గాని ఫ్యాను గాని స్విచ్చి ముట్టుకోకూడదు, వెయ్యనూ కూడదు, తియ్యనూ కూడదు. పిల్లల్ని బయటికి పంపి, బయటినుంచి 1906కు ఫోను చేయాలి. ఏడెనిమిదేళ్ళ పిల్లకు గ్లాసులో గాలి తెలిసిననాడు ఈ సంగతి కూడా తెలుస్తుంది. అమ్మ ఇంట్లో లేనప్పుడు స్విచ్చి మీదికి పోయే చెయ్యి ఆగుతుంది.

గాలి నిలిచి ఉంటే గాలి, కదిలితే కూడా మనకు గాలే. తెలుగులో కదిలే గాలికి ఎన్ని పేర్లు! తెమ్మెర, పైరగాలి, ఈదురుగాలి, సుడిగాలి, వడగాలి, చలిగాలి. వీటిని పిల్లలచేత పలికించండి, ఏది ఎప్పుడు వీస్తుందో గుర్తుపట్టించండి. మేడ మీద ఒక కర్రకు పాత రిబ్బను కట్టి, రోజూ ఒకే వేళకు గాలి ఎటునుంచి వస్తోందో సుద్దముక్కతో బాణం గీయించండి. తూర్పుగాలి అంటే తూర్పుకు పోయేది కాదు, తూర్పునుంచి వచ్చేది. ఈ తిరకాసు పెద్దవాళ్ళకే సరిగ్గా తెలియదు. జూన్ మొదట్లో నైరుతి మూలనుంచి వచ్చే గాలులనే గదా నైరుతి రుతుపవనాలంటాం. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకు ఒక రోజులోనే బాణం తిరగబడుతుంది. ఎండకు నేల త్వరగా కాలుతుంది, నీరు త్వరగా కాలదు. నేల మీది వేడిగాలి పైకి పోతే ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడి దారి మారుతుంది. వంటింటి గుమ్మంలో అగరువత్తి పొగ చూసిన పిల్లకు విశాఖ సముద్రపు గాలి కొత్త పాఠమేమీ కాదు.

ఫ్యాను గాలిని చల్లబరుస్తుందా? చల్లబరచదు. ఉన్న గాలిని కదిపి మన ఒంటి మీది చెమటను ఆరబెడుతుంది, అది ఆరేటప్పుడు ఒంటి వేడిని పట్టుకుపోతుంది. రెండు చేతి రుమాళ్ళు తడిపి ఒకటి ఫ్యాను కింద, ఒకటి మూల గదిలో వేస్తే ఏది ముందు ఆరుతుందో చిన్నపిల్లలు కూడా చూస్తారు.

మా చిన్నప్పుడు తాటాకుతో చక్రం చేసి, తుమ్మముల్లు గుచ్చి, పట్టుకుని పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడు నగరంలో తాటాకు దొరకదు గనక నలుచదరపు కాగితం నాలుగు మూలలనుంచి మధ్యదాకా రాకుండా కత్తిరించి, మూల విడిచి మూల మధ్యకు మడిచి గుండుసూది గుచ్చండి. గాలి ఆడని రోజున అది తిరగదు. అప్పుడు పిల్లవాడు పరుగెడతాడు, తిరుగుతుంది. "గాలి లేదన్నావు, మరి ఎలా తిరిగింది?" అని అడగండి. గాలి వచ్చి చక్రానికి తగిలినా, చక్రం వెళ్ళి గాలికి తగిలినా ఒకటేనని చెప్పడానికి వాడికి మాటలు దొరకకపోవచ్చు. దొరక్కపోయినా ఫరవాలేదు, కాళ్ళకు తెలిసింది.

గాలి అంటే భయపడే పిల్లలు కూడా ఉంటారు. తలుపు టపా టపా కొట్టుకుంటే కొంగు పట్టుకుని వదలరు. మన తీరంలో ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చినప్పుడు గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి వీచింది. పిల్లలను "ఏం కాదు" అని ఊరుకోబెట్టడం కంటే తుపాను స్వరూపం ఒకసారి గిన్నెలో చూపిస్తే మంచిదని నా అభిప్రాయం. వెడల్పాటి బేసినులో నీళ్ళు గరిటెతో గిర్రున తిప్పి గరిటె తీసేయండి. పిల్లవాణ్ణి వేలు ఒక అంచునుంచి మధ్యగా ఎదుటి అంచుకు తీసుకుపొమ్మనండి. మొదట నీళ్ళు వేలిని ఒకవైపు నెడతాయి. సరిగ్గా నడుమకు వచ్చేసరికి నెట్టడం ఆగిపోతుంది. దాటగానే రెండోవైపు నెడతాయి. తుపాను కన్ను అంటే ఆ నడుమ చోటే. అది మన ఊరిమీదుగా పోయేటప్పుడు హోరు ఒక్కసారిగా ఆగుతుంది, కాస్త వెలుగు కూడా రావచ్చు. తుపాను పోయిందని జనం వీధిలోకి వస్తారు. కొంతసేపటికి ఎదురుదిక్కునుంచి అదే గాలి మళ్ళీ విరుచుకుపడుతుంది, సగం విరిగిన చెట్లూ ఊగుతున్న రేకులూ అప్పుడే మీద పడతాయి. విశాఖలో ఆ మధ్యాహ్నం గడిపినవాళ్ళకు ఇది బాగా గుర్తుంటుంది. వేలితో బేసిను దాటి చూసిన పిల్ల ఆ నిశ్శబ్దంలో "అమ్మా, ఇంకో సగం ఉంది" అని చెప్పగలదు. తుపాను పూర్తిగా దాటిందని అధికారులు ప్రకటించేదాకా గడప దాటకూడదు.

చివరగా గాలిపటం. బజారులో కొన్నదానికంటే ఇంట్లో చేసినది ఎక్కువ నేర్పుతుంది, ఎందుకంటే అది మొదటిసారి ఎగరదు. పాత పేపరు నలుచదరంగా కత్తిరించి, రెండు సన్నటి ఈనెపుల్లలు, ఒకటి నిలువుగా ఒకటి విల్లులా వంచి, అన్నం మెతుకులతో అతికించండి. దారం నూలుదే వాడాలి. నైలాను మాంజా, గాజుపొడి పూసిన మాంజా పిట్టల రెక్కలనే కాదు, బండిమీద పోయేవాళ్ళ గొంతులనూ కోస్తున్నాయని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా వాటిని నిషేధించింది. అయినా సంక్రాంతి వచ్చేసరికి చాటుగా అమ్ముతూనే ఉంటారు, పిల్లలు డబ్బులు పట్టుకుపోయేముందు ఏ దారం తెస్తున్నారో మనమే కనుక్కోవాలి. పిట్టగోడ లేని మేడ వద్దు, కరెంటు తీగలున్న వీధి వద్దు, తీగకు చిక్కిన పటాన్ని కర్రతో లాగడం అసలే వద్దు. మైదానం దొరికితే అదే మేలు.

తోక లేకుండా ఎగరేస్తే పటం గింగిరాలు కొట్టి ముక్కు నేలకేసి పడుతుంది. జానెడు తోక కడితే కొంత నయం, మూరెడు కడితే నిలబడుతుంది, మరీ పొడుగు కడితే బరువుకు లేవదు. ఎంత తోక కావాలో మీరు చెప్పకండి. పాత చీర అంచులు నాలుగు చింపి చేతికివ్వండి, కత్తెర మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.